విద్యార్థి విశ్వేశ్వరయ్య

ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగిన రోజున నేను సప్లిమెంటరీ ఫీజు కట్టే క్యూలో నిలబడి ఉన్నాను. లెక్కల పేపరు తప్పాను. ఎంసెట్‌లో ర్యాంకు దూరంగా వచ్చి, ఇంజనీరింగు సీటు దొరక్క బి.యస్సీ.లో చేరినవాణ్ణి. ఇక్కడ కూడా తప్పేసరికి పెట్టె సర్దుకుని ఊరికి పోయి, నాయనతోపాటు సేద్యంలో దిగుదామా అనుకుంటున్న రోజులవి. అలాంటివాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి గురించి రాయడమేమిటని హాస్టలు మిత్రులు నవ్వారు. నవ్వనివ్వండి. ఆయన జీవితచరిత్ర లైబ్రరీ నుంచి తెచ్చి నెలన్నర నా దగ్గరే ఉంచుకున్నాను. దానికి ఫైను కూడా కట్టాను గనుక నాకూ కొంత హక్కుంది.

మోక్షగుండం గిద్దలూరుకు దగ్గరి ఊరు, మా ప్రకాశం వైపుది. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు అక్కణ్ణుంచి మైసూరు రాజ్యానికి వలసపోయారు. ఊరి పేరు మాత్రం ఇంటిపేరుగా వెంట వెళ్ళింది. ఆయన 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టాడు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. పాండిత్యం ఉంది, డబ్బు లేదు. పిల్లవాడు చదువుకునే వయసులోనే తండ్రి పోయాడు. గొప్పవాళ్ళందరికీ చెప్పే వీధిదీపం కథ ఈయనకూ చెబుతారు గాని నేను దాని జోలికి పోను. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో ఒక సంపన్నుల ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ ఆసరాతో నెట్టుకొచ్చాడన్నది చాలు. ట్యూషన్లు చెప్పి మెస్సు బిల్లు కట్టేవాళ్ళు మన హాస్టల్లోనూ ఉన్నారు. సాయంత్రం రెండిళ్ళలో పాఠాలు చెప్పి వచ్చి, రాత్రి సొంత పుస్తకం తెరిస్తే కళ్ళు ఎలా మూతపడతాయో వాళ్ళకు తెలుసు.

1881లో ఆయన బి.ఏ. ప్యాసయ్యాడు. నేను ఆగిపోయిన చోటు ఇదే. ఇంజనీరు కావాలంటే ఇంటరు కాగానే సీటు రావాలి, లేకపోతే బతుకంతా అయిపోయినట్టేనని మన ఇళ్ళల్లో ఒక లెక్క ఉంది గదా! దేశం మొత్తం గుర్తుపెట్టుకున్న ఇంజనీరు మొదట మామూలు డిగ్రీ చదివి, ఆ తర్వాత ఇంజనీరింగులో చేరాడు. మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్పు ఇచ్చి ఆయన్ని పూనా సైన్సు కాలేజీకి పంపింది. ఆ స్కాలర్‌షిప్పే లేకపోతే ఆయన ఏ బళ్ళోనో పంతులుగా ఉండిపోయేవాడని నా అనుమానం.

పూనా కాలేజీ సామాన్యమైంది కాదు. 1854లో ప్రభుత్వ పనులకు కింది ఉద్యోగుల్ని తయారుచేయడానికి పెట్టిన చిన్న బడి పెరిగి, బొంబాయి విశ్వవిద్యాలయం కింద పెద్ద కాలేజీ అయింది. మైసూరు కుర్రవాడికి అక్కడ ఊరు కొత్త, భాష కొత్త, చదువూ కొత్తే. సివిల్ ఇంజనీరింగు లైసెన్షియేటు పరీక్షలో 1883లో ఆయనే మొదటివాడు. జేమ్స్ బర్‌క్లీ బహుమతి వచ్చింది. ఆ బర్‌క్లీ బొంబాయి నుంచి ఘాట్ల మీదుగా రైలుమార్గం వేయించిన ఇంజనీరు. ఆ ర్యాంకు బలంతోనే 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్‌లో చేరాడు.

ఉద్యోగం కూడా పరీక్షలాగే మొదలైంది. ఖాందేశ్‌లో ఒక ఏటికి అడ్డంగా పైపు సైఫన్ వేసే పని అప్పగించారు. వానలు పట్టుకున్నాయి, కొన్నాళ్ళు ఆపుదామని రాస్తే పై అధికారి మందలించాడు. మొదటి ర్యాంకువాడికి అది ఎంత తలవంపో! అయినా ఆ పని పూర్తిచేసే కదిలాడు. పుస్తకంలో నేను రెండుసార్లు చదివిన భాగం ఇదే.

1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన అమర్చిన తలుపులు మనిషి ముట్టుకోకుండానే పనిచేసేవి. నీటిమట్టం హద్దు దాటితే వాటంతట అవే లేచేవి, తగ్గితే దిగేవి. కట్ట ఎత్తు పెంచకుండానే జలాశయంలో ఎక్కువ నీళ్ళు నిలిచాయి. అంతకుముందు నీరా కాలువ కింద బ్లాకు పద్ధతి పెట్టాడు. నీళ్ళు విపరీతంగా తాగే చెరకును ప్రతి బ్లాకులో ఒక భాగానికే పరిమితం చేసి, మిగతా భాగాల్లో తక్కువ నీటి పైర్లు వేయించి, వాటిని మార్చుకుంటూ పోవడం అన్నమాట. రైతులు మొదట ఎదురు తిరిగారు. అందులో వింతేమీ లేదు, మా ఊరివాళ్ళయినా అంతే చేసేవాళ్ళు.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చి, కొన్ని నెలలు వరద లెక్కలు తీసి, ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నాడు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఆ తర్వాత మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912 నుంచి దివాను. కృష్ణరాజసాగరం అందరికీ తెలిసిందే. విద్యార్థిగా నాకు ముఖ్యమైనవి వేరే ఉన్నాయి: ఆయన దివానుగిరీలోనే 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగు కాలేజీ వచ్చాయి. మైసూరు పిల్లలు తనలాగా పూనాకు పోనక్కరలేకుండా చేశాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నేను నిజాయితీగా రాసినట్టు కాదు. 1918లో వెనుకబడిన కులాలకు ఉద్యోగాల్లో చోటు కల్పించే విషయం తేల్చడానికి మహారాజు మిల్లర్ కమిటీని వేశాడు. విశ్వేశ్వరయ్యగారికి అది నచ్చలేదు, ప్రతిభ ఒక్కటే కొలబద్దగా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ ఏడు చివర్లో దివాను పదవి వదిలేశాడు. నేను బి.సి. స్కాలర్‌షిప్పు మీద చదువుతున్నవాణ్ణి. మా ఇంట్లో ఉన్న పుస్తకాలు రెండే, పంచాంగం, సొసైటీ పాసుబుక్కు. వాళ్ళింట్లో డబ్బు లేకపోయినా అక్షరం తరతరాలుగా ఉంది. ప్రభుత్వం చేయూత ఇస్తే తాను పూనా చేరిన సంగతి ఆయనకు ఆ రోజు గుర్తు రాలేదా అని అడగాలనిపిస్తుంది. అడగడానికి ఆయన లేడు. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్ళు దాటాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఈ కోపం నాకు ఇంకా పోలేదు, ఆయన మీద గౌరవమూ తగ్గలేదు.

మాది కాలువ చివరి ఊరు. పై ఊళ్ళు నిండితే గాని మాకు నీళ్ళు రావు, వచ్చినా రాత్రిపూటే. మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు నాయనకు బ్లాకు పద్ధతి వివరించాను. ఓపిగ్గా విన్నాడు. లెక్క బాగానే ఉందిగాని, ఆ ఇంజనీరుగారు ఏనాడైనా రాత్రంతా తూము దగ్గర పడుకున్నారా అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. ఆ తర్వాత నా లెక్కల పరీక్ష ఎప్పుడో కనుక్కుని, అప్పటిదాకా పొలానికి రావద్దని చెప్పి, టార్చిలైటు తీసుకుని తూము దగ్గరికి వెళ్ళాడు. పొద్దున బస్సుకు నేను హాస్టలుకు వచ్చేశాను.