బుయ్ తువాంగ్ ఫాంగ్

బుయ్ తువాంగ్ ఫాంగ్ (1942 డిసెంబరు 14 - 1975 జూలై) వియత్నాంలో జన్మించిన కంప్యూటర్ శాస్త్రవేత్త. కంప్యూటర్ తెరపై గీసిన బహుభుజులను రంగుతో నింపే విధానంలో గొప్ప మార్పు తెచ్చినవాడిగా ఇతడు ప్రసిద్ధి చెందాడు. ఇతడు ప్రతిపాదించిన ఫాంగ్ షేడింగ్, ఫాంగ్ కాంతి నమూనా అనే రెండు పద్ధతులు త్రిమితీయ చిత్రాల తయారీకి పునాదులుగా నిలిచాయి. ఓపెన్‌జీఎల్ వంటి గ్రాఫిక్స్ లైబ్రరీలను అభ్యసించే విద్యార్థులకు ఇతని పేరు తొలి పాఠాలలోనే ఎదురవుతుంది. ఇంతటి ప్రభావం చూపిన ఈ శాస్త్రవేత్త 32 ఏళ్ళ వయసులోనే మరణించాడు.

పేరు

తెలుగువారి వలెనే వియత్నాం ప్రజలు కూడా ఇంటిపేరును ముందు వ్రాస్తారు. ఇతని ఇంటిపేరు బుయ్, సొంత పేరు ఫాంగ్. పాశ్చాత్య దేశాలలో చివరి పదాన్ని ఇంటిపేరుగా భావించే అలవాటు ఉన్నందున అనేక గ్రంథాలలో ఇతని ఇంటిపేరు ఫాంగ్ అని పొరపాటుగా నమోదైంది. ఆ విధంగా ఇతని పద్ధతులకు ఇంటిపేరు కాక సొంత పేరే స్థిరపడింది.

బాల్యం, విద్యాభ్యాసం

ఫాంగ్ 1942లో హనోయి నగరంలో జన్మించాడు. అప్పటికి వియత్నాం ఫ్రెంచి పాలనలో ఉండేది. 1954లో జెనీవా ఒప్పందంతో దేశం ఉత్తర, దక్షిణ భాగాలుగా విడిపోయింది. అదే సంవత్సరం ఇతని కుటుంబం దక్షిణాన ఉన్న సైగాన్ నగరానికి తరలివెళ్ళింది. అక్కడ జాఁ జాక్ రూసో పేరిట ఉన్న ఫ్రెంచి పాఠశాలలో ఇతడు చదువుకున్నాడు.

1964లో ఉన్నత విద్య కోసం ఫ్రాన్సు చేరుకున్నాడు. 1966లో గ్రెనోబుల్‌లో విజ్ఞానశాస్త్ర పట్టాను, 1968లో టులూజ్‌లో ఇంజనీరింగ్ పట్టాను పొందాడు. అదే ఏడాది ఫ్రాన్సు ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధనా సంస్థ ఇరియాలో పరిశోధకుడిగా చేరి, ఆపరేటింగ్ సిస్టంల రూపకల్పనపై పనిచేశాడు. 1969లో ఇతనికి వివాహం జరిగింది. 1971లో కుమార్తె జన్మించింది.

యూటా విశ్వవిద్యాలయంలో

1971 సెప్టెంబరులో ఫాంగ్ అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఉన్న యూటా విశ్వవిద్యాలయంలో చేరాడు. డేవిడ్ ఎవాన్స్, ఇవాన్ సదర్లాండ్ ల నాయకత్వంలో ఆ విశ్వవిద్యాలయం కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు ప్రపంచంలోనే ముఖ్య కేంద్రంగా ఉండేది. గ్రాఫిక్స్ చరిత్రలో పేరు పొందిన అనేకులు ఆ దశాబ్దంలో అక్కడి విద్యార్థులే.

1972లో సదర్లాండ్, ఆయన విద్యార్థులు ఒక వోక్స్‌వాగన్ బీటిల్ కారు ఉపరితలంపై గీతలు గీసి, కొలబద్దలతో కొలతలు తీసుకుని, దానిని బహుభుజుల సముదాయంగా కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ కారు సదర్లాండ్ భార్యకు చెందినది. ఫాంగ్ తన సహవిద్యార్థులైన రాబర్ట్ మెక్‌డెర్మాట్, జిమ్ క్లార్క్, రాఫెల్ రోమ్ లతో కలిసి ఈ కారు చిత్రాన్ని రూపొందించాడు. అసలు వస్తువును పోలి ఉండేలా కంప్యూటర్ గీసిన తొలి చిత్రాలలో ఇది ఒకటిగా పేరు పొందింది.

బహుభుజులను నింపడంలోని సమస్య

త్రిమితీయ వస్తువు ఉపరితలాన్ని కంప్యూటరులో సాధారణంగా చిన్న చిన్న త్రిభుజాలుగా గాని, ఇతర బహుభుజులుగా గాని విభజిస్తారు. తెరపై ఒక్కొక్క అడ్డవరుసను తీసుకుని, ఆ వరుస బహుభుజి అంచులను ఎక్కడ ఖండిస్తుందో లెక్కించి, ఆ రెండు బిందువుల మధ్య ఉన్న పిక్సెళ్ళకు రంగు వేస్తారు. ఈ విధంగా బహుభుజి మొత్తం నిండుతుంది.

బహుభుజి అంతటికీ ఒకే రంగు వేస్తే గోళం కూడా పలకలు చెక్కిన రాయిలా కనబడుతుంది. యూటా విద్యార్థి ఆఁరీ గూరో 1971లో దీనికి ఒక పరిష్కారం చూపాడు. ఆ పద్ధతిలో ముందుగా ప్రతి శీర్షం వద్ద రంగును లెక్కించి, లోపలి పిక్సెళ్ళకు ఆ రంగుల మధ్యస్థ విలువలను ఇస్తారు. దీనివల్ల పలకల అంచులు చాలావరకు మాయమయ్యాయి.

కాని రెండు లోపాలు మిగిలాయి. మొదటిది, రంగు మారే వేగం అంచు వద్ద హఠాత్తుగా మారడం వల్ల అక్కడ లేని చారలు ఉన్నట్లు కంటికి తోచేది. వీటిని మాక్ పట్టీలు అంటారు. రెండవది, నున్నని వస్తువుపై కనబడే మెరుపు త్రిభుజం మధ్యలో పడినపుడు, లెక్క శీర్షాల వద్ద మాత్రమే జరుగుతుంది కనుక ఆ మెరుపు పూర్తిగా తప్పిపోయేది.

ఫాంగ్ షేడింగ్

రంగులకు బదులు అభిలంబాలకు మధ్యస్థ విలువలు కట్టాలన్నది ఫాంగ్ ఆలోచన. ఉపరితలం ఏ దిక్కుకు తిరిగి ఉందో తెలిపే సదిశను అభిలంబం అంటారు. శీర్షాల వద్ద ఉన్న అభిలంబాల నుండి లోపలి ప్రతి పిక్సెల్‌కూ ఒక అభిలంబాన్ని రాబట్టి, దాని పొడవును తిరిగి ఒకటికి సరిచేసి, కాంతి లెక్కను ఆ పిక్సెల్ వద్దనే చేస్తారు. వస్తువు నిజానికి చదునైన త్రిభుజాలతోనే కట్టబడినా, కాంతి మాత్రం వంపు తిరిగిన ఉపరితలంపై పడినట్లే ఉంటుంది. మెరుపు త్రిభుజం మధ్యలో పడినా స్పష్టంగా కనబడుతుంది. మాక్ పట్టీలు కూడా బాగా తగ్గుతాయి.

అయితే ప్రతి పిక్సెల్‌కూ వర్గమూలం కట్టవలసి రావడం వల్ల ఆనాటి యంత్రాలకు ఈ పద్ధతి పెద్ద భారం. ఆకారపు వెలుపలి గీత మాత్రం త్రిభుజాల అంచులతో కోసినట్లే ఉండిపోతుంది. దానిని ఈ పద్ధతి సరిచేయదు.

ఫాంగ్ కాంతి నమూనా

ఈ నమూనాలో ఒక బిందువు వద్ద కనబడే కాంతిని మూడు భాగాలుగా కూడతారు.

మొదటిది పరిసర కాంతి. ఇది అన్ని వైపులా సమానంగా ఉంటుంది. రెండవది క్రమరహిత పరావర్తనం. ఇది కాంతి దిశకు, అభిలంబానికి మధ్య ఉన్న కోణపు కొసైన్‌పై ఆధారపడుతుంది. మూడవది మెరుపు. ఇది పరావర్తన దిశకు, చూసేవారి దిశకు మధ్య ఉన్న కోణపు కొసైన్‌ను ఒక ఘాతానికి హెచ్చించగా వస్తుంది.

మూడవ భాగంలోని ఘాతాంకమే ఫాంగ్ చేర్చిన కీలకాంశం. ఉదాహరణకు, ఆ కోణం 20 డిగ్రీలు అయితే కొసైన్ విలువ సుమారు 0.94. ఘాతాంకం 10 అయినపుడు మెరుపు విలువ సుమారు 0.54 కాగా, ఘాతాంకం 50 అయినపుడు సుమారు 0.04 మాత్రమే. అంటే ఘాతాంకం పెరిగే కొద్దీ మెరుపు చిన్నదై పదునెక్కుతుంది, వస్తువు మరింత నున్నగా తోస్తుంది.

ఈ సూత్రం భౌతికశాస్త్ర నియమాల నుండి రాబట్టినది కాదు. నున్నని వస్తువులను పరిశీలించి, వాటి మెరుపు అంచుల వైపు ఎలా క్షీణిస్తుందో గమనించి కూర్చినది. తక్కువ లెక్కతో మనిషి కంటికి నిజమనిపించే చిత్రాన్ని ఇవ్వడమే దీని లక్ష్యం.

అనారోగ్యం, మరణం

ఫాంగ్ 1973లో డాక్టరేటు పొందాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే తనకు ప్రాణాంతకమైన క్యాన్సర్ ఉన్నదని ఇతనికి తెలుసునని సదర్లాండ్, మిత్రులు తెలిపారు. ఆ స్థితిలోనే పరిశోధనను పూర్తి చేసి, తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరాడు. సిద్ధాంత గ్రంథంలోని ముఖ్యాంశాలతో ఇతడు వ్రాసిన పత్రం అమెరికాలోని కంప్యూటర్ శాస్త్ర పత్రిక కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎంలో 1975 జూన్‌లో వెలువడింది. మరుసటి నెలలోనే ఇతడు మరణించాడు. ఫ్రాంక్ క్రో అనే పరిశోధకునితో కలిసి వ్రాసిన మరొక పత్రం కూడా 1975 నాటిదే.

గ్రాఫిక్స్ లైబ్రరీలలో

1977లో జేమ్స్ బ్లిన్ పరావర్తన సదిశకు బదులు కాంతి దిశకు, చూసేవారి దిశకు నడుమ ఉన్న సదిశను వాడి ఫాంగ్ నమూనాను సవరించాడు. దీనిని బ్లిన్-ఫాంగ్ నమూనా అంటారు.

యూటాలో ఫాంగ్ సహవిద్యార్థి అయిన జిమ్ క్లార్క్ 1982లో సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థను స్థాపించాడు. ఆ సంస్థ నుండే 1992లో ఓపెన్‌జీఎల్ వెలువడింది. తొలి ఓపెన్‌జీఎల్‌లో బహుభుజులను నింపడానికి రెండు పద్ధతులే ఉండేవి. ఒకటి ఒకే రంగుతో నింపడం, రెండవది గూరో పద్ధతిలో నింపడం. కాంతి లెక్కకు బ్లిన్-ఫాంగ్ నమూనాను వాడినా, ఆ లెక్క శీర్షాల వద్ద మాత్రమే జరిగేది. మెరుపు ఘాతాంకాన్ని 0 నుండి 128 వరకు ఇవ్వడానికి వీలుండేది. యంత్రాల వేగం చాలనందువల్ల ఫాంగ్ షేడింగ్‌కు అందులో చోటు దక్కలేదు.

2004లో వచ్చిన ఓపెన్‌జీఎల్ 2.0తో ప్రతి పిక్సెల్ వద్ద ప్రోగ్రామరు తన సొంత లెక్కను వ్రాసుకునే అవకాశం ప్రామాణికమైంది. దీనితో ఫాంగ్ ప్రతిపాదించిన పద్ధతిని కొద్ది పంక్తులలో వ్రాసి, కదిలే చిత్రాలకు సైతం వాడడం సాధారణ విద్యార్థులకు అందుబాటులోకి వచ్చింది. అప్పటికి ఫాంగ్ మరణించి 29 సంవత్సరాలు గడిచాయి.