డాబరీనర్ దీపము

జర్మనీ దేశమున హోఫ్ పట్టణ సమీపమున 1780లో యోహాన్ వోల్ఫ్‌గాంగ్ డాబరీనర్ జన్మించెను. తండ్రి బండి తోలువాడు. బాలునకు బడిచదువు అంతగా అబ్బలేదు. పదునాలుగవ యేట మందుల అంగడిలో పనికి కుదిరి, మందులు నూరుచు, దొరికిన గ్రంథములు చదువుచు, రసాయనశాస్త్రమును తనంతట నేర్చుకొనెను. పెద్దవాడై చేపట్టిన వ్యాపారములు దెబ్బతినెను. సంసారభారముతో దిక్కుతోచకయున్న ఆతనిని 1810లో వైమార్ ప్రభువు కార్ల్ ఆగస్ట్ యేనా విశ్వవిద్యాలయమున ఆచార్యునిగా నియమించెను. పట్టభద్రుడు కానివానికి అట్టి పదవి! ప్రభువునకు మంత్రియైన మహాకవి గెటే ఆతనికి ఆప్తమిత్రుడయ్యెను.

1823 వేసవిలో డాబరీనర్ ప్లాటినము అను విలువైన లోహమును స్పంజివలె సన్నని రంధ్రములు గలదానిగా చేసి, దానిపైకి ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువును వదలెను. నిప్పు తగిలింపకయే లోహము ఎఱ్ఱగా కాగెను; వాయువు భగ్గున మండెను. ఉదజని గాలిలోని ఆమ్లజనితో కలిసి నీరయ్యెను. ప్లాటినము మాత్రము ఇసుమంతయు తఱుగలేదు. ఇట్లు తాను ఖర్చుగాక చర్యను త్వరపెట్టు పదార్థమును ఉత్ప్రేరకమందురు. ముద్దకంటె స్పంజివంటి లోహమునకు ఉపరితలము ఎన్నో రెట్లు అధికము. వాయువు తాకుటకు చోటు హెచ్చు. ఆ ప్రయోగములోని కీలకమిదియే.

గీచి వెలిగించు అగ్గిపుల్ల ఇంకను రాని కాలమది. డాబరీనర్ ఒక గాజుపాత్రలో సజల గంధకికామ్లము పోసి, అందు జింకు ముక్కను వ్రేలాడదీసెను. మర త్రిప్పిన చాలును, పుట్టిన ఉదజని ప్లాటినముపైకి చిమ్మి మంట లేచును. ఈ దీపము ఐరోపాలో ఇంటింట ప్రసిద్ధికెక్కెను. అతడు దానిపై హక్కుపత్రము పొందలేదు. ఇతరులు వేలకొలది చేసి అమ్ముకొనిరి. పేదరికము నెరిగినవాడు చేజేతుల సంపదను విడిచెను. మూలకములను మూడేసిగా కూర్చిన ఆతని త్రికములను (1829) విద్యార్థులు పై తరగతులలో చదువుదురు.

1849లో డాబరీనర్ యేనాలో మరణించెను. ఆతడు ఉదజనిని నీరుగా మార్చిన లోహమే, విద్యుత్తు సాయముతో నీటినుండి ఉదజనిని విడదీయుటకును పనికివచ్చును. ఎండ, గాలులవలన కలిగిన విద్యుత్తుతో అట్లు తీసినదానిని హరిత హైడ్రోజన్ అందురు. నేటి యంత్రములు కొన్నిటిలో ఉదజని వెలువడు పలకకు ప్లాటినము, ఆమ్లజని వెలువడు పలకకు ఇరిడియము పూయుదురు. రెండును అరుదైనవి, మిక్కిలి వెలగలవి. అందుచే శాస్త్రజ్ఞులు వానిని అతి సూక్ష్మ కణములుగా పరచి, కొద్ది లోహముతో ఎక్కువ పని చేయింప యత్నించుచున్నారు. చౌకయగు నికెలును, ఇనుమును క్షారజలమున పరీక్షించుచున్నారు.