పానగల్లు రాజావారు

పూర్వులను స్మరించుట కులప్రతిష్ఠను చాటుకొనుటకే యైనచో నది యల్పఫలము. వారు లోకమునకు చేసిన మేలును, అందుకై పడిన శ్రమను ఎఱిగి నడచుకొనుటయే స్మరణకు సార్థక్యము. అట్లు స్మరింపదగిన మహనీయులలో పానగల్లు రాజా సర్ పానుగంటి రామారాయణింగారు అగ్రగణ్యులు.

వీరు 1866వ సంవత్సరము జూలై 9వ తేదీన కాళహస్తియందు వెలమ కుటుంబమున జన్మించిరి. చెన్నపట్టణమున ఉన్నతవిద్య నభ్యసించి, సంస్కృతమున మంచి పాండిత్యము గడించిరి. 1912 మొదలు 1915 వఱకు ఇంపీరియల్ శాసనసభలో జమీందారుల ప్రతినిధిగా నుండిరి. పిదప జస్టిస్ పక్షమున చేరి, 1920 డిసెంబరులో మద్రాసు రాజధానియందు మంత్రులైరి. సుబ్బరాయలు రెడ్డియారుగారు అనారోగ్యముచే విరమింపగా 1921 జూలైలో ప్రధానమంత్రి పదవి నలంకరించిరి.

ఆ పదవి పేరునకు ఘనమేగాని, అధికారమున స్వల్పము. నాటి ద్వంద్వప్రభుత్వమున విద్య, వైద్యము, స్థానిక స్వపరిపాలనము మున్నగునవి మాత్రమే మంత్రుల వశము. ధనమును, శాంతిభద్రతలును గవర్నరుగారి కార్యనిర్వాహక సభ్యుల చేతిలో నుండెను. అట్టి యిఱుకునందే 1921లో స్త్రీలకు వోటుహక్కు లభించెను. సర్కారు కొలువులలో సకల వర్గములకును భాగము కలిగింపవలెనను ఉత్తరువు వెలువడెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నెలకొన్నదియు వీరి మంత్రివర్గ కాలముననే.

అయినను రాజావారి కీర్తికి మూలస్తంభము హిందూ దేవాదాయ ధర్మాదాయ చట్టము. 1863వ సంవత్సరపు చట్టముచే సర్కారు దేవాలయ పాలనమునుండి తొలగి, ధర్మకర్తలకును స్థానిక సంఘములకును ఆ భార మప్పగించెను. తరువాత అనేక స్థలములయందు దేవుని మాన్యములు అన్యాక్రాంతము లయ్యెను. ఆదాయమునకు లెక్క చెప్పువారు కఱవైరి. దీనిని సరిదిద్దుటకై రాజావారి ప్రభుత్వము 1922లో బిల్లు ప్రవేశపెట్టెను. మతమున కపాయము కలుగుచున్నదని మఠాధిపతులు మొదలగువారు తీవ్రముగ నెదిరించిరి.

ఇంతలో 1923 ఎన్నికలలో వీరి పక్షపు బలము తగ్గెను. పూర్వము తమ పక్షమువారే యైన సి. ఆర్. రెడ్డిగారు ఆ నవంబరులో అవిశ్వాస తీర్మానమును తెచ్చిరి. 44 వోట్లకు 65 వోట్లతో మంత్రివర్గము నిలిచెను. రాజావారు పట్టు విడువలేదు. 1925లో బిల్లు చట్టమాయెను. దాని చెల్లుబాటునుగూర్చి వివాదములు బయలుదేరగా, 1927లో మరల నూతన శాసనముగ నెలకొల్పబడెను. అప్పటికి వీరు అధికారమున లేరు; 1926 ఎన్నికలతో పదవి పోయినది. పదవి పోయినను చట్టము నిలిచినది. నేటి దేవాదాయ శాఖలకు మాతృక యదియే.

వీరి పాలనమునందు లోపములు లేకపోలేదు. తమ వర్గమునకు న్యాయము జరుగలేదని ఆదిద్రావిడ నాయకులైన ఎం. సి. రాజాగారు 1923లో ఆ పక్షమును వీడిపోయిరి. సర్వులకును భాగము పంచెదమన్నవారికి ఇది మాయని కొఱత. చరిత్రను వ్రాయువారు దీనిని దాచరాదు.

1928 డిసెంబరు 16వ తేదీన రాజావారు స్వర్గస్థులైరి. చెన్నపట్టణమున త్యాగరాయనగరమందలి పానగల్ పార్కు నేటికిని వారి పేరు నిలుపుచున్నది.

సోదరులారా! తాను జమీందారై యుండియు, పదిమంది సొమ్మును చేపట్టినవాడు ఎంత గొప్పవాడైనను లెక్క చెప్పవలసినదే యని శాసించిన మహనీయు డాయన. సత్రములను, విద్యార్థి వసతిగృహములను, నిధులను నిర్వహించు మన సంఘములకు అంతకన్న శిరోధార్యమైన ధర్మము వేఱొకటి లేదు.