సైకిలుపై హిమగిరులకు: ఫానీ వర్క్‌మన్ జీవితము

అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని క్షణములో హిమవత్పర్వతమును చేరెను. మంచునీటికి ఆ లేపము కరగిపోగా తిరిగివచ్చు దారి లేక పరితపించెను. అతని ఇల్లాలు అరుణాస్పదపురమున ఇంటిపట్టుననే యుండెను. 19వ శతాబ్ది చివర అమెరికానుండి వచ్చిన దంపతుల జంట యొకటి ఈ కథను వేరుగా నడిపినది. వారికి పాదలేపము లేదు. రెండు సైకిళ్లు మాత్రమే యుండెను. ఇల్లాలు ఇంటిపట్టున నిలువలేదు. భర్తతో సమానముగా దారి నడిచెను. కొన్ని యేండ్లు యాత్రకు తానే నాయకురాలయ్యెను. ఆమెయే ఫానీ బులక్ వర్క్‌మన్.

ఫానీ 1859 జనవరి 8వ తేదీన మాసచూసెట్స్ రాష్ట్రమందలి వూస్టర్ నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండర్ బులక్ 1866 నుండి 1869 వరకు ఆ రాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. మాతామహుడు తుపాకిమందు వ్యాపారమున విశేషముగా ధనము గడించినవాడు. ఆమె మొదట ఇంటివద్దనే ఉపాధ్యాయినులకడ చదువుకొని, పిమ్మట న్యూయార్కులోను, ఐరోపాలో పారిస్, డ్రెస్డెన్ నగరములలోను విద్య ముగించెను. ఫ్రెంచి, జర్మను భాషలు చక్కగా నేర్చెను. ఆ కాలపు సంపన్నగృహములలో ఇంత చదివిన కన్య విందులు, వినోదములతో కాలము పుచ్చవలసినదే. ఫానీకి ఆ జీవితము రుచింపలేదు.

1882లో ఆమె వైద్యుడైన విలియం హంటర్ వర్క్‌మన్‌ను వివాహమాడెను. అతడామెకంటె 12 ఏండ్లు పెద్ద. కొండలెక్కుటలోని రుచిని ఆమెకు మొదట చూపినవాడు అతడే. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు పర్వతములపై ఆమె తొలి అభ్యాసము చేసెను. 1884లో రేచెల్ అను కుమార్తె కలిగెను. కొంతకాలమునకు ఆరోగ్యము చెడి విలియం వైద్యవృత్తి మానుకొనగా, 1889లో ఆ కుటుంబము జర్మనీకి తరలెను. అక్కడ సీగ్‌ఫ్రీడ్ అను కుమారుడు పుట్టెను. కాని 1893లో ఆ పసివాడు జ్వరము ముదిరి మరణించెను. ఆ పిమ్మట దంపతుల జీవితము యాత్రలకే అంకితమయ్యెను. పెద్దలవలన సంక్రమించిన ఐశ్వర్యము వారికి ఆ స్వేచ్ఛ నిచ్చినది. రేచెల్ మాత్రము వసతి పాఠశాలలలో పెరుగవలసివచ్చెను.

అది సైకిలు యుగము. రెండు సమాన చక్రములు గల సైకిలు 1880 తరువాతి దశాబ్దిలో రూపొందినది. 1888లో గాలి నింపు టైరు వచ్చినది. అంతవరకు ఎత్తయిన ముందుచక్రముపై కూర్చుండు సాహసము పురుషులకే చెల్లుచుండగా, ఈ కొత్త వాహనము స్త్రీలకును అందుబాటులోనికి వచ్చెను. బండి తోలువాడు అక్కరలేదు, గుఱ్ఱము అక్కరలేదు, ఒకరి అనుమతికై వేచియుండ నక్కరలేదు. వర్క్‌మన్ దంపతులు ఆల్జీరియా తిరిగిరి. 1895లో స్పెయిన్ దేశమున సుమారు 2,800 మైళ్లు తొక్కిరి. ప్రతియాత్రకు పిమ్మట ఇరువురి పేరులతోను ఒక గ్రంథము వెలువడెను.

1897లో వారు మన దేశమునకు వచ్చిరి. అప్పటికి ఫానీ వయస్సు 38 ఏండ్లు. విలియం వయస్సు 50. దక్షిణపు కొననుండి హిమాలయముల వరకు సైకిళ్లపై ప్రయాణము చేయుట వారి సంకల్పము. పెద్ద సామానులను రైలులో ముందుగా పంపి, సైకిళ్లపై టీ, చక్కెర, బిస్కత్తులు, జున్ను, డబ్బాలలో నిలువచేసిన మాంసము, నీరు, దుప్పటి, మందులు, మరమ్మతు పనిముట్లు, వ్రాతసామగ్రి కట్టుకొనిరి. బాటప్రక్క ముండ్లు టైర్లలో దిగుచుండెను. ఒక్కొక్కదినము నలువదింటి దాక చిల్లులు పూడ్చుకొనవలసివచ్చెను. బంగళా దొరకినచోట బంగళాలో, లేనిచోట రైలుస్టేషను విశ్రాంతిగదిలో రాత్రులు గడపిరి. సింహళము, బర్మా, జావాలతో కూడిన ఆ యాత్రాకాలమున వారు సైకిళ్లపై తిరిగిన దూరము సుమారు 14,000 మైళ్లు.

ఈ దేశమునకు వచ్చుటకు ముందే వారు రామాయణ మహాభారతములను, జాతకకథలను అనువాదములలో చదివిరి. ఆలయశిల్పమును శ్రద్ధతో పరిశీలించి ఛాయాచిత్రములు తీసిరి. అయితే పూర్వపు భారతదేశముపై చూపిన ఆదరము, దారిలో ఎదురైన సజీవులైన మనుష్యులపై అంతగా చూపలేదు. ఈ లోపమే పర్వతములలో వారికి అడుగడుగునా అడ్డుపడినది.

1898 వేసవిలో ఎండలకు తాళలేక వారు సైకిళ్లు విడిచి కాశ్మీరమునకు, లడఖ్‌కు పోయిరి. మంచుకొండలను చూచినది మొదలు మైదానముల మీద వారి మనస్సు నిలువలేదు. ఆ శరత్తున సిక్కిం మీదుగా కాంచనగంగ ప్రాంతమునకు పోదలచిరి. అక్టోబరు వచ్చి చలి ముదురుచుండెను. కూలీలు దినమునకు 5 మైళ్లకు మించి నడువమనిరి. కొలదిదినములలోనే యాత్ర భగ్నమయ్యెను. మరుసటియేడు, 1899లో, స్విస్ మార్గదర్శకుడైన మాథియాస్ జుర్‌బ్రిగెన్‌ను వెంటబెట్టుకొని వారు కారకోరం పర్వతములలోని బియాఫో హిమానీనదమునకు పోయిరి. అక్కడ ఫానీ మూడు శిఖరములెక్కెను. 18,600 అడుగుల యెత్తైన మొదటిదానికి చనిపోయిన కుమారుని పేర సీగ్‌ఫ్రీడ్‌హార్న్ అని నామకరణము చేసిరి. మూడవదైన కోసర్ గుంగె యెత్తు సుమారు 21,000 అడుగులు. నాటికి స్త్రీలలో ఎవ్వరును అంత యెత్తు చేరియుండలేదు.

1906లో నున్ కున్ పర్వతశ్రేణిలో పినకిల్ పీక్ అను శిఖరమును ఆమె 47వ యేట అధిరోహించెను. నేటి ఆరోహకులకున్న ప్రాణవాయువు సిలిండర్లు, తేలికబట్టలు ఆనాడు లేవు. ఆమె లంగా ధరించియే కొండలెక్కుచుండెను. ఆ శిఖరపు టెత్తు 22,735 అడుగులు. స్త్రీలలో ఈ రికార్డు 1934లో హెట్టీ డైరెన్‌ఫర్త్ దానిని అధిగమించువరకు నిలిచినది. 1908లో అనీ పెక్ అను మరియొక అమెరికను వనిత పెరూ దేశమున వాస్కరాన్ పర్వతమెక్కి, దాని యెత్తు 24,000 అడుగులు కావచ్చునని ప్రకటించెను. ఫానీ ఊరకుండలేదు. సుమారు 13,000 డాలర్లు వ్యయపరచి ఫ్రెంచి భూమాపకులను పంపి ఆ పర్వతమును కొలిపించెను. లెక్క 21,812 అడుగులని తేలినది. కీర్తికాంక్ష ఆమెకు మెండు. అయినను సత్యమును కొలబద్దతోనే నిర్ణయింపవలెనను పట్టుదలయు అంత మెండే. చిత్రమేమనగా, పినకిల్ పీక్ 23,000 అడుగులు దాటినదని ఆమె తాను వేసిన లెక్కయు పిమ్మటి కొలతలలో తగ్గిపోయెను.

ఈ దంపతుల శ్రమవిభాగము గమనింపదగినది. ఒకయేడు భర్త యాత్రాభారము వహించి కూలీలను, సరుకులను చూచుకొనగా, భార్య పరిశీలనలు, కొలతలు సాగించును. మరుసటి యాత్రలో బాధ్యతలు తారుమారగును. 1911, 1912 సంవత్సరములలో సియాచిన్ హిమానీనదమును శోధించిన మహాయాత్రకు ఫానీయే నాయకురాలు. సుమారు 45 మైళ్ల పొడవైన ఆ మంచునదిపై దాదాపు రెండు మాసములు వారు 15,000 అడుగులకు పైననే గడపిరి. గ్రాంట్ పీటర్కిన్, సర్జన్ సింగ్ అను సర్వేయర్లు పటములు సిద్ధపరచిరి. చెనోజ్ అను ఇటలీ దేశపు సహాయకుడు మంచుబీటలో పడి మరణించెను; ఫానీ అతని చెంతనే యుండి, త్రుటిలో ఆపద తప్పించుకొనెను. అంతటి దుఃఖమునందును ఆమె యాత్ర మానలేదు. హిమానీనదపు తలవద్దనున్న కనుమకు ఆమె ఇందిర యని పేరిడెను. అది లక్ష్మీదేవి నామము. ఇందిరా కోల్ అను పేరున నేటికిని వ్యవహారమున నున్నది. ఆ యాత్రలోనే సుమారు 21,000 అడుగుల యెత్తున, స్త్రీలకు ఓటుహక్కు కోరు పత్రికను చేతబట్టి ఆమె ఛాయాచిత్రము తీయించుకొనెను.

పండితలోకమును ఆమె ప్రతిభను గుర్తించెను. 1905లో లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో ప్రసంగించెను. ఆమెకు ముందు అక్కడ ప్రసంగించిన స్త్రీ ఇసబెల్లా బర్డ్ ఒక్కతెయే. పారిస్‌లోని సోర్బోన్ విద్యాపీఠమున ఉపన్యసించిన మొదటి అమెరికను స్త్రీయు ఫానీయే.

ఇంత చేసిన యీమె జీవితమున ఒక వెలితి కలదు. స్త్రీపురుషుల సమత్వమును ప్రాణములొడ్డి నిరూపించిన ఆమె, తన బరువులు మోసిన బాల్టీ, కాశ్మీరీ కూలీలను సమానులుగా చూడలేకపోయెను. తగిన బట్టలు లేక, అలవాటులేని యెత్తులలో మంచుపై నడువవలసిన వారి భయమును ఆమె సోమరితనమని తలచెను. కనుకనే కూలీలు మార్గమధ్యమున వారిని విడిచిపోవుటయు కలదు. గ్రంథములలో శిఖరములకు పేరులున్నవి; మోసినవారిలో పెక్కురకు లేవు. వారి పటములలోని కొన్ని పొరపాటులను పిమ్మటి పరిశోధకులు సవరించిరి. పటములను సవరించుట సులభము. ఆ మోతగాండ్ర ఋణము తీర్చుట అట్టిది కాదు.

1917 నుండి వ్యాధిపీడితయై, 1925 జనవరి 22వ తేదీన ఫ్రాన్సులోని కాన్ నగరమున ఫానీ కన్నుమూసెను. భార్యాభర్తల భస్మములు వూస్టర్ శ్మశానవాటికలో ఒకే స్మారకశిల క్రింద నున్నవి. ఆమె నడిచిన సియాచిన్‌పై 1984లో భారతసైన్యము కాలుమోపినది. యాత్రికులకు మారుగా నేడక్కడ సైనికులు కాపున్నారు.

మరణమునకు ముందు ఆమె తన ధనములో 1,25,000 డాలర్లు రాడ్‌క్లిఫ్, వెల్లెస్లీ, స్మిత్, బ్రిన్ మార్ అను నాలుగు స్త్రీల కళాశాలలకు వ్రాసియిచ్చెను. ఫానీకి కళాశాలాపట్టము లేదు. తనకు లేని ఆ చదువును తరువాతి బాలికల కందించుటకు ఆ ధనము వినియోగపడవలెనని ఆమె నిర్ణయించినది. ఆమె శిఖరములపై నెలకొల్పిన రికార్డులను వేరొకరు దాటిరి. ఈ దానము మాత్రము తరగతిగదులలో నిలిచినది.