మదనపల్లె ఛాంబర్లేన్ దొరగారు – కన్య మరియనుగూర్చిన మన విశ్వాసము

(ధ్యానమునకు: లూకా 1:26–38, గలతీ 4:4)

మదనపల్లె సంఘ చరిత్రను తెరచినయెడల మొదట కనబడు పేరు జేకబ్ ఛాంబర్లేన్ దొరగారిది. ఆయన 1835వ సంవత్సరమున అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమందలి షారన్ అను ఊరిలో జన్మించెను. వేదశాస్త్రమును వైద్యమును రెంటిని అభ్యసించి, 1859లో భార్యతో ఓడ ఎక్కి, 1860లో మద్రాసు చేరెను. ఆయనను పంపినది రిఫార్మ్‌డ్ సంఘము. ఆ సంఘపు ఆర్కాటు మిషను పని అధికముగా అరవ దేశములోనే యుండెను. తెలుగువారి మధ్య పని చేయుటకు ఆయన 1863లో మదనపల్లెకు వచ్చెను. ఆ యేడే హైదరాబాదు రాజ్యము మీదుగా గోదావరి అడవులవరకు 1,200 మైళ్ల ప్రయాణము చేసి సువార్త పుస్తకములు పంచెను. పులులు, జ్వరములు, వరదలు ఎదురైన ఆ ప్రయాణపు సంగతులు వేరుగా చెప్పదగినవి. ఇచ్చట మనకు కావలసినది మరియొకటి.

తెలుగు పల్లెలో దేవుడు మనుష్యుడై వచ్చెనని చెప్పినయెడల ఎవరును ఆశ్చర్యపడరు. అవతారముల కథలు వారికి చిన్ననాటినుండి తెలిసినవే. అందుచేత యేసును ఆ వరుసలో మరియొకనిగా చేర్చుకొనుట సులభము. ఇందులోనే చిక్కు యున్నది. వీధినాటకములో రాత్రియంతయు కిరీటము ధరించి రాజైనవాడు తెల్లవారగానే రంగు కడుగుకొని మడకకు పోవును. యేసు శరీరముకూడ అట్టి వేషమే యైనయెడల, ఆయన ఆకలి వేషము, కన్నీళ్లు వేషము, సిలువమీద కార్చిన రక్తమును వేషమే యగును. వేషపు రక్తము ఎవని పాపమును కడుగును?

ఈ ప్రశ్నకు సంఘము ఇచ్చిన జవాబులో ఒక తల్లి పేరు యున్నది. ఛాంబర్లేన్‌గారి సంఘము అంగీకరించిన 1563 నాటి హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరావళి, 35వ ప్రశ్నలో, నిత్య దేవుని కుమారుడు పరిశుద్ధాత్మవలన మరియయొక్క రక్తమాంసములనుండియే నిజమైన మానవ స్వభావమును తీసికొనెనని బోధించుచున్నది. పరిశుద్ధాత్మవలన గర్భమున పడెను గనుక ఆయన దేవుడు. స్త్రీయందు పుట్టెను గనుక మన సహోదరుడు. మరియనుగూర్చిన సిద్ధాంతమంతయు చివరకు ఆమె కుమారునిగూర్చినదే. 431లో ఎఫెసు సభ ఆమెను దేవుని కన్నతల్లి యని పిలుచుటయు కుమారుడు ఎవడో స్థిరపరచుటకే.

మన ప్రాంతమునకు ఈ మాట కొత్త కాదు. ప్రొటెస్టెంటులకంటె చాలా ముందుగా, 18వ శతాబ్దపు ఆరంభమున, ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరులో పని చేసిరి. వారి సంఘములో మరియమ్మకు ప్రార్థనలు కలవు. మనము దేవునికిని నరులకును మధ్యవర్తి క్రీస్తొక్కడే యని నమ్మి (1 తిమోతి 2:5) ఆమెకు ప్రార్థింపము. అది సరియే. అయితే ఆ భయముచేత కొందరు ఆమె పేరును క్రిస్మసు నాటకమునకు మాత్రమే ఉంచి, తరువాత తెరవెనుకకు పంపివేయుదురు. సంఘ సంస్కర్తయైన లూథరు అట్లు చేయలేదు. 1521లో ఆమె కీర్తనమీద ఒక వ్యాఖ్యానమునే వ్రాసెను. మేడమీద గదిలో శిష్యులతో కలిసి ప్రార్థించిన ఆ విశ్వాసిని మనమేల మరచవలెను?

ఛాంబర్లేన్‌గారు 1873లో తన సంఘ ఆరాధన క్రమమును తెలుగులోనికి తెచ్చిరి. 1884లో కీర్తనల పుస్తకము ప్రచురించిరి. తెలుగు పాత నిబంధన సవరణ సంఘమునకు చాలా కాలము అధ్యక్షులుగా నుండిరి. ఆ క్రమములో ప్రభు భోజనపు బల్లయొద్ద అపొస్తలుల విశ్వాస ప్రమాణము గలదు. ఆ ప్రమాణములో, ప్రభువును తప్పించి, ఇద్దరు మనుష్యుల పేర్లే యున్నవి: కన్నతల్లి మరియ, మరణశిక్ష విధించిన పొంతి పిలాతు. ఒకరివలన ఆయన జననము, ఒకరివలన ఆయన శ్రమ, ఈ నేలమీద జరిగిన సంగతులని తెలియుచున్నది. అక్షరము రాని కూలివాడైనను ప్రమాణమును కంఠస్థము చేసినయెడల, రొట్టె చేతికి రాకముందే, ఈ శరీరము ఎవరి గర్భమునుండి వచ్చినదో తన నోటనే చెప్పును. ఇది పండితుల వాదము కాదు. బల్లయొద్దకు వచ్చు ప్రతివాని సంగతి.

ఆయన వైద్యముకూడ ఈ విశ్వాసమునకు దూరమైనది కాదని నా తలంపు. దేవుడు నిజమైన శరీరము ధరించెనని నమ్మినవానికి రోగి పుండు కడుగుట తక్కువ పని కాదు. చివరి యేండ్లలో దేహము బలహీనపడినను తెలుగు బైబిలు నిఘంటువు పనిలో యుండిరి. 1908వ సంవత్సరము మార్చి 2వ తేదీన, 72 ఏండ్ల ప్రాయమున, మదనపల్లెలోనే ప్రభువునందు నిద్రించిరి.