సముద్రం కథ చెప్పిన రేచెల్

రేచెల్ కార్సన్ అనగానే అందరికీ డి.డి.టి. గుర్తొస్తుంది. నాకు మాత్రం అంతకు పదకొండేళ్ళ ముందు, 1951లో, ఆవిడ రాసిన సముద్రం పుస్తకమే ఇష్టం. ‘ది సీ అరౌండ్ అస్’ దాని పేరు. ఉత్తరాన మంచు వెనక్కి తగ్గుతోందనీ, చేపలు చోటు మారుతున్నాయనీ అప్పుడే అందులో రాసింది.

1907లో అమెరికాలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం. తల్లి మరియా పెళ్ళయ్యాక టీచరుద్యోగం మానుకుంది. కూతురి కాలేజీ ఫీజు కోసం పియానో పాఠాలు చెప్పింది, ఇంట్లోని పింగాణీ సామాను కూడా అమ్మింది. రచయిత్రి కావాలని ఇంగ్లీషులో చేరిన పిల్ల మధ్యలో జీవశాస్త్రానికి మారింది. మొదటిసారి సముద్రాన్ని చూసింది 1929లో. అప్పటికి ఇరవై రెండేళ్ళు!

1935లో తండ్రి పోయాడు. 1937లో అక్క పోతే ఆమె కూతుళ్ళిద్దరి భారం రేచెల్ మీదా, తల్లి మీదా పడింది. పగలు ప్రభుత్వ చేపల శాఖలో ఉద్యోగం, రాత్రి రాత. ఇల్లు సద్దుమణిగాక కాగితాలు తీసే నాలాంటివాళ్ళకి ఆ రాత్రుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో నీళ్ళు కాస్త వెచ్చబడ్డాయి. ఆ కాస్తకే సీల్ జంతువులు తగ్గిపోయి, కాడ్ చేపలు గుంపులుగా వచ్చిపడ్డాయి. తరతరాలుగా సీల్ వేటతో బతికినవాళ్ళు చేపల వేటకు దిగారు. పొయ్యి మీద కూరే మారిపోయింది.

మంచుకీ చేపకీ లంకె ఏమిటంటారా? సముద్రం మీది మంచు అడుగున నాచు పెరుగుతుంది. బియ్యపు గింజంత ప్రాణులు దాన్ని తింటాయి. వాటిని పోలార్ కాడ్ అనే చిన్న చేప, ఆ చేపను సీలూ, సీల్‌ని ధ్రువపు ఎలుగుబంటీ తింటాయి. మంచు ముందుగా కరిగితే నాచు వేళ తప్పుతుంది, పిల్లప్రాణులకి మేత అందదు. పైగా దక్షిణం నుంచి పెద్ద కాడ్ ఎగబాకి వచ్చి ఈ చిన్న చేపనే తింటుంది. నార్వేకి పైనున్న బారెంట్స్ సముద్రంలో ఇదే జరుగుతోంది.

కారణం దగ్గర మాత్రం రేచెల్ పొరబడింది. చంద్రుడి వల్ల శతాబ్దాల తరబడి హెచ్చుతగ్గులయ్యే లోతు కెరటాలే మూలమన్న స్వీడన్ శాస్త్రవేత్త ఒట్టో పీటర్సన్ వైపు మొగ్గింది. అప్పటి వెచ్చదనంలో ప్రకృతి పాలు కొంత ఉన్నమాట నిజమే గానీ, మనం కాల్చే బొగ్గూ పెట్రోలూ ఆవిడ లెక్కలోకే రాలేదు. 1980 సెప్టెంబరులో 75 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా ఉన్న ఆర్కిటిక్ సముద్రపు మంచు, 2012 సెప్టెంబరులో దాదాపు 34 లక్షలకు పడిపోయింది. అది చంద్రుడి పని కాదు.

అంత పెద్ద సముద్రాన్ని మనిషేం చేయగలడన్న నమ్మకం ఆవిడకీ ఉండేది. 1961లో కొత్త ముద్రణకి ముందుమాట రాస్తూ, ఆ నమ్మకం అమాయకత్వమని ఒప్పుకుంది. సముద్రంలో పారేస్తున్న అణు వ్యర్థాలు సూక్ష్మప్రాణుల ద్వారా చేపల్లోకి చేరతాయని హెచ్చరించింది. పేరూ డబ్బూ తెచ్చిన పుస్తకం మొదటి పేజీల్లోనే అలా రాయడానికి ఎంత ధైర్యం కావాలి!

అప్పటికే ఆవిడకి రొమ్ము క్యాన్సర్. బయట ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో, 1957లో పోయిన అక్క కూతురి కొడుకు. ఐదేళ్ళవాణ్ణి దత్తత తీసుకుని పెంచుతోంది. 1964 ఏప్రిల్ 14న, 56వ ఏట కన్నుమూసింది. చితాభస్మంలో సగం తల్లి సమాధి పక్కన ఉంచారు. మిగతా సగం మెయిన్ రాష్ట్రపు తీరంలో, ఆవిడ నాచునీ పీతల్నీ వెతుక్కుంటూ తిరిగిన చోట, సముద్రంలో కలిపారు.