కేరీ దినచర్యలో ఒక తెలుగు గంట

1806 జూన్ 12. కలకత్తాలో రాత్రి పదకొండు కావస్తోంది. నలభై నాలుగేళ్ళ ఇంగ్లీషు దొర ఒకాయన ఇంగ్లండులోని స్నేహితుడు రైలండ్‌కు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. ఉత్తరాలకు జవాబివ్వడం ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పుకోవడానికి ఆ ఒక్క రోజు తాను ఏమేం చేశాడో గంటల వారీగా రాశాడు. ఆయన పేరు విలియం కేరీ. ఆ ఉత్తరాన్ని మన బడుల్లో తెలుగు చెప్పేవాళ్ళూ, పిల్లల్ని తెలుగు బడికి పంపే తల్లిదండ్రులూ ఒకసారి తెలుసుకోవాలని మా కోరిక. ఎందుకంటే ఆ రోజులో ఒక గంట తెలుగుది.

ఆ రోజు ఇలా గడిచింది. ఆరుకు పావుగంట ముందు లేచాడు. హెబ్రీ బైబిల్లో ఒక అధ్యాయం చదివి, ఏడు దాకా ఏకాంత ప్రార్థనలో గడిపాడు. తర్వాత పనివాళ్ళతో కలిసి బెంగాలీలో కుటుంబ ప్రార్థన. టీ కాగేలోపు, అప్పటికే వచ్చి కాచుకుని ఉన్న మున్షీతో కొంచెం పారశీకం. ఫలహారానికి ముందు హిందుస్తానీలో కొంత వాక్యం. ఫలహారం ముగియగానే సంస్కృత పండితుడితో కూర్చుని పది గంటల దాకా రామాయణం అనువాదం. క్రైస్తవ మిషనరీ పొద్దున్నే రామాయణంతో కూర్చోవడమేమిటని కొందరికి వింతగా ఉండవచ్చు గాని, ఆయన, ఆయన సహచరుడు మార్ష్‌మన్ కలిసి దాన్ని సంస్కృతమూలంతో సహా ఇంగ్లీషులో అచ్చువేయించారు. పది నుంచి ఒంటిగంట దాటేదాకా ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు. ఇంటికొచ్చి బెంగాలీ యిర్మీయా గ్రంథం ప్రూఫు దిద్దాడు. భోజనం తర్వాత కాలేజీ ప్రధాన పండితుడి సాయంతో మత్తయి సువార్త ఎనిమిదో అధ్యాయంలో చాలా భాగం సంస్కృతంలోకి మార్చాడు. అప్పటికి ఆరయింది.

ఆరింటికి తెలుగు పండితుడొకాయన దగ్గర కూర్చున్నాడు. అప్పట్లో తెలుగును వాళ్ళు తెలింగ అనేవారు. పండితుడి పేరు ఉత్తరంలో లేదు. అక్కడ దొర శిష్యుడు, పండితుడు గురువు. ఏడింటికి లేచి ప్రసంగానికి నాలుగు మాటలు కూర్చుకున్నాడు. ఏడున్నరకు సుమారు నలభైమందికి ప్రసంగించాడు. తొమ్మిదికి జనం వెళ్ళిపోయాక యెహెజ్కేలు పదకొండో అధ్యాయం బెంగాలీలోకి అనువదించాడు. ఆ తర్వాతే ఈ ఉత్తరం. ఇది కూడా అయ్యాక గ్రీకు కొత్త నిబంధనలో ఒక అధ్యాయం చదివి, ప్రార్థన చేసి పడుకుంటానన్నాడు. పనులు మారుతుంటాయి గాని, ఏ రోజూ ఇంతకంటే తీరిక ఉండదని కూడా రాశాడు.

ఇది చదివి, ఇలాంటివాళ్ళు పుట్టుకతోనే వేరు, మనవల్ల కాదు అనుకుంటాం. కేరీ సంగతి అలా కాదు. ఆయన 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో, పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి మగ్గం నేసేవాడు, తర్వాత ఊరి బడిపంతులయ్యాడు. పద్నాలుగేళ్ళకే కేరీని చెప్పులు కుట్టే పనిలో పెట్టారు. యజమాని దుకాణంలో బైబిలు వ్యాఖ్యానం ఒకటి కనిపించింది. అందులో అక్కడక్కడా తెలియని లిపిలో మాటలున్నాయి. వాటిని చూసి చూసి కాగితం మీద గీసుకుని, సొంతూరు వెళ్ళినప్పుడు అక్కడ చదువుకున్న మనిషికి చూపించి అర్థం చెప్పించుకున్నాడు. అవి గ్రీకు మాటలు. ఆయన గ్రీకు చదువు ఆ ఆరె, తోలు మధ్యనే మొదలైంది. తర్వాత లాటిన్, హెబ్రీ కూడా ఆ చెప్పుల పీట దగ్గరే వచ్చాయి.

కొన్నాళ్ళు మౌల్టన్ అనే ఊళ్ళో బడి కూడా నడిపాడు. గోడకు చేత్తో చేసిన ప్రపంచపటం తగిలించి, ఒక్కో దేశంలో జనమెంత, వాళ్ళ మతమేమిటి అని దాని మీద రాసుకునేవాడు. పిల్లల్ని అదుపులో పెట్టడం మాత్రం ఆయనకు చేతకాలేదు. బడిని తాను నడపలేదు, పిల్లలే తనను నడిపారని ఆయనే చెప్పుకున్నాడు. ఇది చదివితే మా వంటి పంతుళ్ళకు కాస్త ధైర్యం వస్తుంది. ముసలితనంలో తన తమ్ముడి కొడుకుతో, తన గురించి ఎవరైనా రాస్తే తెలివిగలవాడని రాయనక్కరలేదని, పట్టిన పని విడవకుండా నిదానంగా నడవగలవాడని ఒప్పుకుంటే చాలని అన్నాడు.

1793లో ఇండియాకు బయల్దేరాడు. నవంబరు 11న కలకత్తా చేరాడు. తిరిగి ఎన్నడూ స్వదేశం వెళ్ళలేదు. మొదటి ఏళ్ళు మద్నాబతిలో నీలిమందు కార్ఖానా చూసుకుంటూ బెంగాలీ, సంస్కృతం నేర్చుకున్నాడు. దేని కోసం వచ్చాడో ఆ లెక్కన చూస్తే ఆ కాలమంతా వృథాయే. మొదటి బెంగాలీ విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చేసరికి 1800 డిసెంబరు వచ్చింది, అంటే ఏడేళ్ళు. అప్పటికి ఆయన డేన్‌ల ఏలుబడిలో ఉన్న శ్రీరాంపూర్‌కు మారాడు. జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ తోడయ్యారు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. అదే ఏడు ఫోర్ట్ విలియం కాలేజీలో ఉద్యోగం వచ్చింది. జీతం ఉమ్మడి నిధికి పోయేది. ముగ్గురి కుటుంబాలదీ ఒకే బల్ల, ఒకే లెక్క. ఇల్లు శ్రీరాంపూర్, కాలేజీ కలకత్తా. హుగ్లీ మీద పడవలో వారం వారం వెళ్ళిరావాలి. జూన్ 12 నాటి ఆ రోజు కలకత్తా రోజుల్లో ఒకటి.

ఎఫెసీ సంఘానికి రాసిన పత్రికలో పౌలు సమయం గురించి వాడిన గ్రీకు మాటకు, బజారులో సరుకు కొని విడిపించుకోవడం అని అర్థం ఉంది. రాత్రిపూట గ్రీకు చదివే కేరీకి ఆ మాట కొత్త కాదు. కొనాలంటే వెల చెల్లించాలి. ఆయన చెల్లించిన వెలలో కొంత ఆయనది కాదు.

ఆయన భార్య డొరతీ. 1781లో పెళ్ళినాడు ఆమెకు సంతకం రాదు. ఇండియా ప్రయాణం ఆమె ఒప్పుకోలేదు. చివరికి చెల్లెలు తోడు వస్తానంటే, చంటిబిడ్డను ఎత్తుకుని ఓడెక్కింది. మద్నాబతిలో 1794లో ఐదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది, మళ్ళీ కుదుటపడలేదు. శ్రీరాంపూర్‌లో పక్కగదిలో ఆమె అరుపులు వినిపిస్తుండగానే కేరీ ప్రూఫులు దిద్దేవాడు. ఆమెను వదిలించుకోమని కొందరు సలహా ఇచ్చినా వినలేదు. 1807 డిసెంబరులో ఆమె పోయేదాకా ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నాడు. కాని కొడుకులు దిక్కులేకుండా పెరిగారు. మార్ష్‌మన్ గారి భార్య హన్నా వచ్చి చూసేసరికి ఆ పిల్లలకు చదువూ లేదు, మర్యాదా లేదు. తండ్రి మందలించడు, తల్లికి శక్తి లేదు. చివరికి వాళ్ళను దారిలో పెట్టింది హన్నా, వార్డ్.

1806 నాటి ఉత్తరాన్ని మరోసారి చూస్తే, అందులో ఏడు భాషలున్నాయి, పండితులున్నారు, జడ్జిగారొకరున్నారు. భార్యాబిడ్డల పేర్లు లేవు. ఆ రోజు ఆయన కలకత్తాలో, వాళ్ళు శ్రీరాంపూర్‌లో ఉన్నారన్నది న్యాయంగా చెప్పాల్సిన మాటే. అయినా ఆ ఖాళీ మాకు గట్టిగా కనిపిస్తుంది. ఆయన జీవితం రాసినవాళ్ళు చాలామంది ఈ సంగతిని రెండు వాక్యాల్లో దాటేస్తారు. పిల్లల ముందు ఆయన్ను ఆదర్శంగా నిలబెట్టేవాళ్ళు దాటకూడదని మేమనుకుంటాం. దేవుడిచ్చిన కాలానికి లెక్క చెప్పాలని నమ్మిన మనిషి, ఇంటి లెక్క చాలావరకు మరొకరి చేతిలో పెట్టాడు.

1812 మార్చి 11 సాయంత్రం శ్రీరాంపూర్ అచ్చుకూటం అంటుకుంది. కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. మర్నాడు మార్ష్‌మన్ వెళ్ళి చెప్పాడు. ఎన్నో లిపుల అచ్చు అక్షరాలు కరిగి ముద్దలయ్యాయి, కాగితం బూడిదైంది. అనేక భాషలకు ఒకేచోట అర్థాలిచ్చే పెద్ద నిఘంటువు కోసం ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న సామగ్రి, రెండు వ్యాకరణాల రాతప్రతులు, రామాయణం పనిలో కొంత, బైబిలు అనువాదాలు పోయాయి. పొద్దున ఇంత, సాయంత్రం ఇంత అని కూడబెట్టిన గంటలన్నీ ఒక్క రాత్రిలో కాలిపోయాయి. బూడిదలో వెతికితే అక్షరాలు పోతపోయడానికి వాడే ఉక్కు దిమ్మెలు చెడకుండా దొరికాయి. ముద్రణ యంత్రాలు కూడా మిగిలాయి. కొద్ది రోజుల్లోనే పక్క భవనంలో పోతపని రాత్రింబవళ్ళు మొదలైంది. నడిచిన దారినే రెండోసారి నడిస్తే మరింత సులువుగా, తడబాటు లేకుండా నడవవచ్చని కేరీ స్నేహితులకు రాశాడు. పండితులను పిలిచి మళ్ళీ మొదటి పుట నుంచి కూర్చున్నాడు.

1814లో ఆయన తెలుగు వ్యాకరణం శ్రీరాంపూర్‌లో అచ్చయింది. 1806లో ఆరు నుంచి ఏడు దాకా కూర్చున్న ఆ సాయంత్రానికి, ఈ పుస్తకానికి నడుమ ఎనిమిదేళ్ళు. 1818లో తెలుగు కొత్త నిబంధన కూడా వచ్చింది. ఆయన మరాఠీ వ్యాకరణం 1805లోనే వచ్చింది, కన్నడ వ్యాకరణం 1817లో. ఒడియా కొత్త నిబంధన కూడా ఆ అచ్చుకూటానిదే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో మరాఠీయో ఒడియానో మాట్లాడే మన పిల్లలకు ఇది చెబితే సంతోషిస్తారు. వాళ్ళ రెండు భాషలూ ఆ ఒక్క మనిషి బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

ఉన్నమాట చెప్పాలంటే ఆ తెలుగు పుస్తకాలు ఎక్కువకాలం నిలవలేదు. రెండేళ్ళకే, 1816లో, మద్రాసు నుంచి క్యాంప్‌బెల్ వ్యాకరణం వచ్చింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని ఎల్లిస్ వాదించిన వ్యాసం ఉన్నది అందులోనే. బైబిలుకు విశాఖపట్నంలోని లండన్ మిషన్‌వాళ్ళు వేరే అనువాదం చేసుకున్నారు. తెలుగు గడ్డ మీద, తెలుగువాళ్ళ మధ్య ఉండి చేసిన పని అది. దూరాన కలకత్తాలో రోజుకొక గంట చొప్పున, అన్ని భాషల మధ్య చేసినదానికి ఆ పట్టు రాదు. వారానికి ఇన్ని పీరియడ్లని లెక్కపెట్టి తెలుగు చెప్పే మాకు ఈ సంగతి బాగా తెలుసు. పీరియడ్ అయ్యాక తెలుగు ఇంట్లో వినిపించకపోతే ఆ గంట అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర తెలుగు మాట్లాడే పిల్లలు మూడో తరగతికే వేరుగా తెలిసిపోతారు. ఆ సమయం తల్లిదండ్రుల చేతిలో ఉన్నది, బడి ఇవ్వగలిగినది కాదు.

కేరీ కాలాన్ని గట్టిగా పట్టుకున్నవాడే గాని, దానికి బానిస కాలేదనడానికి ఒక ఆదివారం సాక్ష్యం. సతీసహగమనాన్ని నేరంగా ప్రకటిస్తూ గవర్నర్ జనరల్ బెంటింక్ ప్రభుత్వం 1829 డిసెంబరు 4న చట్టం చేసింది. బెంగాలీలోకి అనువదించమని అది కేరీ దగ్గరికొచ్చింది. ఆదివారం, ప్రసంగానికి వెళ్ళే వేళ. ఆయన జీవితంలో ఆదివారం ఆరాధనకు అడ్డొచ్చేది ఏదీ లేదు. ఆ రోజు మాత్రం ప్రసంగం మరొకరికి అప్పగించి, పండితుణ్ణి పిలిపించి, సాయంత్రానికల్లా అనువాదం పూర్తిచేశాడు. ఒక్క రోజు ఆలస్యమైతే ఎక్కడో ఒక విధవరాలి ప్రాణం పోవచ్చునని ఆయనకు తెలుసు. చితి మీద ఒకామెను దహించడం 1799లో కళ్ళారా చూసి, ఆపబోయి, ఆపలేకపోయినవాడు ఆయన.

చివరి రోజుల్లో నడవలేకపోయేవాడు. శ్రీరాంపూర్‌లో ఆయన స్వయంగా పెంచిన మొక్కల తోట ఉండేది. కుర్చీలో కూర్చోబెట్టి అక్కడికి తీసుకెళ్ళేవారు. అదీ కుదరనప్పుడు తోటమాలిని మంచం దగ్గరికి పిలిపించుకుని ఏ మొక్క ఎలా ఉందో అడిగేవాడు. ఒకరోజు దిగులుగా ఉంటే మార్ష్‌మన్ కారణమడిగాడు. తాను పోయాక మార్ష్‌మన్ తోటలోకి ఆవుల్ని తోలేస్తాడేమోనని భయంగా ఉందన్నాడు కేరీ. తనకు మొక్కల పిచ్చి లేకపోయినా, ఆ తోటను కాపాడటం పవిత్రమైన బాధ్యతగా చూసుకుంటానని మార్ష్‌మన్ మాటిచ్చాడు. 1834 జూన్ 9 తెల్లవారుజామున కేరీ కన్నుమూశాడు.